తీవ్రమైన వైరల్ న్యుమోనియా తగ్గాక నోరు, పళ్ళు, చిగుళ్ళు: ఏం చూడాలి, ఏం చేయాలి

పంటిచిగురు (చర్చ మొదలుపెట్టినవారు)

ఫ్లూ గానీ కోవిడ్ గానీ ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆక్సిజన్ దాకా వెళ్ళి తగ్గిన మనిషికి ఇచ్చే డిశ్చార్జ్ కాగితంలో మందులు, శ్వాస వ్యాయామాలు, మళ్ళీ చూపించుకోవాల్సిన తేదీ రాస్తారు. నోటి గురించి ఒక్క ముక్క కూడా ఉండడం అరుదు. రెండు మూడు నెలలు గడిచాక పళ్ళు జివ్వుమంటున్నాయనీ, చిగుళ్ళ నుంచి రక్తం కారుతోందనీ డెంటల్ క్లినిక్‌కి వస్తారు. "వైరస్ పళ్ళను తినేసింది" అంటారు.

వైరస్ ఎనామిల్‌ని, అంటే పంటి పైనున్న గట్టి పొరని, తినదు. కోవిడ్ వైరస్ అతుక్కునే ఏసీఈ2 గ్రాహకాలు నాలుక మీదా, చిగుళ్ళలో, లాలాజల గ్రంథుల్లో ఉన్నాయి. గ్రంథుల కణాల్లోకి అది చొరబడుతుందని 2021లో చూపించారు. కాబట్టి నోరు ఎండడం, రుచి తెలియకపోవడం వైరస్ నేరుగా చేయగల పనులే. పన్ను పిప్పి పట్టించేదీ, చిగురు కరిగించేదీ మాత్రం ఎప్పటినుంచో నోట్లో ఉన్న బాక్టీరియానే. జబ్బు రోజుల్లో ఉమ్మి తగ్గుతుంది, ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీస్తారు, తీపి మందులు పడతాయి, బ్రష్ పట్టుకునే ఓపిక ఉండదు. ఇవన్నీ ఒకేసారి మీద పడడం వల్లే అంత త్వరగా నష్టం జరుగుతుంది.

తోమడం పూర్తిగా మానేస్తే ఆరోగ్యంగా ఉన్న చిగుళ్ళు కూడా 10 నుంచి 21 రోజుల్లో వాస్తాయని 1965 నాటి ప్రయోగం తేల్చింది. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో వాపు తగ్గింది. అంటే చిగురు వాపు నయమవుతుంది. కింద ఎముక కరిగాక మాత్రం తిరిగి రాదు. మెత్తటి పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార కావడం మొదలవుతుంది, గార అయ్యాక బ్రష్‌కి లొంగదు. అందుకే ఇంటికి వచ్చిన మొదటి నెల చాలా విలువైనది.

తెలిసినవాళ్ళు ఎవరి పరిధిలోది వాళ్ళు రాయండి. అనుభవ కథలు వేరే చర్చలో పెట్టుకుందాం, ఇక్కడ చేయాల్సిన పని ఉంటే చాలు.

సూక్ష్మదర్శిని

బాక్టీరియా వైపు నుంచి నాలుగు మాటలు.

నోట్లో ఇప్పటివరకు గుర్తించిన జాతులు 700 పైనే, ఒక్కరి నోట్లో అన్నీ ఉండవు. ఉమ్మి బాగా ఊరుతున్నంతకాలం నోటి పీహెచ్ (ఆమ్లత్వం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7 చుట్టూ ఉంటుంది. తీపి తగలగానే నిమిషాల్లో పాచి లోపల పీహెచ్ పడిపోతుంది, ఉమ్మి దాన్ని కడిగి మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఎనామిల్ కరగడం సుమారు 5.5 దగ్గర మొదలవుతుంది. చిగురు దిగి వేరు భాగం బయటపడి ఉంటే అక్కడి డెంటిన్ (ఎనామిల్ కింద ఉండే మెత్తటి పొర) 6.2, 6.5 దగ్గరే కరగడం మొదలెడుతుంది. ఉమ్మి లేనప్పుడు ఆ 20 నిమిషాలు గంటకు పైగా సాగుతాయి. అలాంటి ఆమ్లంలో నిలదొక్కుకునేవి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా, కాండిడా అనే ఫంగస్. మిగతావి వెనక్కి తగ్గుతాయి. బయటి నుంచి కొత్తగా ఏదీ రాకపోయినా, ఉన్నవాటి మధ్య పొత్తు చెడడమే పిప్పికి కారణం.

చిగుళ్ళ వైపు కథ వేరు. అక్కడ గాలి తగలని సందుల్లో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్, ప్రివోటెల్లా ఇంటర్మీడియా, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ పెరుగుతాయి. నోటి దుర్వాసనలో పెద్ద వాటా వీటిదీ, నాలుక వెనుక పూతదీ.

ఇక ఊపిరితిత్తులు. నిద్రలో కొంచెం ఉమ్మి శ్వాసనాళంలోకి జారడం ఆరోగ్యవంతుల్లో కూడా జరుగుతుంది. శ్వాసనాళం గోడలకున్న సన్నటి నూగు దాన్ని పైకి తోసేస్తుంది. వైరస్ ఆ నూగును దెబ్బతీస్తుంది కాబట్టి కోలుకునే వారాల్లో ఆ కాపలా ఉండదు. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల నమూనాలను దశాబ్దాల తర్వాత మళ్ళీ పరిశీలించి 2008లో చెప్పింది కూడా ఇదే: ఎక్కువ మరణాలు వైరస్ వెనకే వచ్చిన బాక్టీరియా న్యుమోనియా వల్ల. ఆ బాక్టీరియాకు మకాం ముక్కూ గొంతూ నోరే.

అడుగరి

పంటిచిగురు గారూ, నోరు ఎండినట్టు అనిపించడం వేరు, నిజంగా ఉమ్మి తగ్గడం వేరు కదా. ఇంట్లో తేల్చుకునే మార్గం ఉందా?

పంటిచిగురు

ఉందండి, పరికరం కూడా అక్కర్లేదు. గంట సేపు ఏమీ తినకుండా, తాగకుండా, తోమకుండా ఉండాలి. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒకసారి ఉమ్మి మింగేసి, తల కాస్త ముందుకు వంచి, 5 నిమిషాల పాటు నోట్లో చేరినదంతా చిన్న కప్పులోకి జారనివ్వాలి. నాలుక ఆడించకూడదు, పీల్చకూడదు, కావాలని ఉమ్మకూడదు. తర్వాత దాన్ని సూది లేని 5 మి.లీ. సిరంజిలోకి లాగి కొలవాలి. నురుగును లెక్కలోకి తీసుకోవద్దు.

మామూలుగా నిమిషానికి 0.3 మి.లీ. చుట్టూ వస్తుంది, అంటే 5 నిమిషాలకు ఒకటిన్నర మి.లీ. మొత్తం అర మి.లీ. కూడా రాకపోతే, అంటే నిమిషానికి 0.1 కన్నా తక్కువైతే, నిజంగానే తక్కువ. అలాంటివాళ్ళని పిప్పి ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళుగానే చూడాలి, పళ్ళు ఇప్పుడు ఎంత తెల్లగా ఉన్నా సరే. రోజులో వేళని బట్టి మారుతుంది కాబట్టి ఎప్పుడు కొలిచినా ఒకే వేళకు కొలవండి.

కొలవకుండా కనిపించే గుర్తులూ ఉన్నాయి. బుగ్గ లోపలికి చెంచా వెనుక వైపు ఆనిస్తే అతుక్కోవడం, నీళ్ళు లేకుండా పొడి తిండి మింగలేకపోవడం, నాలుక మీద పగుళ్ళు, నాలుక కింద ఉమ్మి గుంట కట్టకపోవడం.

మందులచీటి

నోరు ఎండడానికి వైరస్ కన్నా చీటీలోని మందులే కారణమైన సందర్భాలు చాలా. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాత తరం అలర్జీ మందులు దగ్గు సిరప్‌లలో, జలుబు మాత్రల్లో కలిసి ఉంటాయి. ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్, నెబ్యులైజర్‌లో ఇచ్చే ఇప్రాట్రోపియం, జబ్బు తర్వాత నొప్పులకో నిద్రకో రాసే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ ఎండబెడతాయి. దగ్గు తగ్గాక కూడా కాంబినేషన్ సిరప్ కొనసాగుతుంటే ముందు దాన్ని ఆపే మాట డాక్టరుతో మాట్లాడాలి. జెల్‌లు, స్ప్రేలు ఆ తర్వాత.

తీపి సంగతి. చక్కెర ఉన్న సిరప్‌ను పడుకునే ముందు తాగి అలాగే నిద్రపోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఎందుకంటే నిద్రలో ఉమ్మి దాదాపు ఆగిపోతుంది. చక్కెర లేని రకం అడగండి. లేకపోతే సిరప్ ముందు, బ్రష్ తర్వాత. గొంతు బిళ్ళలు గంటల తరబడి చప్పరించడం, తేనె నాకడం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. తీపి మొత్తం ఎంత పడిందనేదానికన్నా ఎన్నిసార్లు పడిందనేది పంటికి ముఖ్యం. ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అవసరమైనప్పుడు తాగాల్సిందే. విరేచనాలు తగ్గాక కూడా రోజంతా గుక్క గుక్కగా తాగుతూ ఉండొద్దు, మామూలు నీళ్ళకి మారండి.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్ళు పీల్చాక పుక్కిలించి, గొంతులో గరగరలాడించి ఉమ్మేయాలి. మర్చిపోకుండా ఉండాలంటే ఇన్‌హేలర్‌ని బ్రష్‌కి ముందు పెట్టుకోండి. స్ప్రే రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య తగిలించే గొట్టం) వాడితే గొంతులో పడే మందు బాగా తగ్గుతుంది.

ఉమ్మి ఊరడానికి పైలోకార్పిన్ 5 మి.గ్రా. మాత్ర ఉంది గానీ, ఇక్కడ చాలా జాగ్రత్త. అది శ్వాసనాళాల్లో కూడా స్రావాలు పెంచి బిగుసుకునేలా చేస్తుంది. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవాళ్ళకి, కంట్లో నీటికాసులలో కోణం మూసుకుపోయే రకం ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. న్యుమోనియా నుంచి కోలుకుంటున్నవాళ్ళు ఊపిరితిత్తుల డాక్టరును అడగకుండా దాని జోలికి పోవద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం అంతకన్నా సురక్షితం, గ్రంథుల్లో కాస్తయినా శక్తి మిగిలి ఉంటే పనిచేస్తుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి గమ్ వద్దు.

అడుగరి

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రోజుకి మూడు నాలుగు సార్లు వాడితే బాక్టీరియా మొత్తం పోతుంది కదా, బ్రష్ చేసే ఓపిక లేనప్పుడు అది చాలదా?

సూక్ష్మదర్శిని

చాలదు. పాచి అంటే జిగురు పొరలో కూరుకుపోయిన బాక్టీరియా గుంపు. మందు నీళ్ళు పై పొరను తాకుతాయి, అడుగుకి వెళ్ళవు. రాపిడి ఉంటేనే పొర చెదురుతుంది. పైగా 7 రోజులు క్లోర్‌హెక్సిడిన్ వాడించి చూసిన 2020 నాటి ప్రయోగంలో ఆరోగ్యవంతుల ఉమ్మిలో పీహెచ్ తగ్గి, లాక్టిక్ ఆమ్లం పెరిగింది. నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి రక్తపోటు అదుపులో పాలుపంచుకునే మంచి బాక్టీరియా కూడా దానితో పోతాయి. అసలే ఎండిన నోట్లో దీన్ని నెలల తరబడి వాడడం మేలు చేయదు.

వార్డుదీపం

ఐసీయూ నర్సింగ్ వైపు నుంచి దీనికి బలం చేకూర్చే మాట. ఒకప్పుడు వెంటిలేటర్ మీద ఉన్న ప్రతివారికీ క్లోర్‌హెక్సిడిన్ పూయడం నియమంలా ఉండేది. 2022లో సవరించిన అమెరికా మార్గదర్శకాలు దాన్ని సాధారణంగా వద్దన్నాయి. బ్రష్‌తో తోమడాన్ని మాత్రం తప్పనిసరి పనుల్లోకి తెచ్చాయి. 15 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో తోమినవాళ్ళకి ఆస్పత్రి న్యుమోనియా ముప్పు మూడో వంతు తగ్గింది, ఆ లాభం ఎక్కువగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలోనే కనిపించింది. రోజుకి రెండుసార్లు తోమినా, మూడుసార్లు తోమినా ఫలితం దాదాపు ఒకటే. కాబట్టి ఇంట్లో చూసుకునేవాళ్ళు రెండుసార్లు శ్రద్ధగా తోమిస్తే చాలు, రోజంతా నోటితో కుస్తీ పట్టక్కర్లేదు.

పంటిచిగురు

సూక్ష్మదర్శిని గారూ, ఒప్పుకుంటూనే ఒక మినహాయింపు చెప్తాను. చిగుళ్ళు ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నప్పుడు, పన్ను తీసిన తర్వాత, క్లోర్‌హెక్సిడిన్‌కి చోటుంది. 0.2 శాతం మందు 10 మి.లీ. ఒక నిమిషం, రోజుకి రెండుసార్లు, ఒకటి రెండు వారాలు. అంతకుమించి సాగితే పళ్ళ మీద గోధుమ రంగు మరకలు, రుచి మారడం మొదలవుతాయి. పేస్ట్‌లోని నురుగు పదార్థం సోడియం లారిల్ సల్ఫేట్ దాని పని చెడగొడుతుంది, కాబట్టి బ్రష్‌కీ దీనికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలి. బ్రష్ అయిన వెంటనే పుక్కిలిస్తే ఆ మందు దండగే, పేస్ట్‌లోని ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

పొవిడోన్ అయోడిన్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. వైరస్‌ను ఉమ్మిలో కాసేపు తగ్గిస్తుంది, అంతే. జబ్బుని నయం చేయదు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు రోజూ పుక్కిలించే మందుగా పెట్టుకోకూడదు.

మింగుడుపడి

మింగే చికిత్స చేసేవాళ్ళ కోణం ఇంతవరకు రాలేదు. గొంతులో గొట్టం కొన్ని రోజులు ఉండి తీశాక మింగే కండరాలు నీరసిస్తాయి, గొంతు స్పర్శ మొద్దుబారుతుంది. పొలమారినా దగ్గు రాకపోవచ్చు. అలాంటి మనిషికి మామూలుగా తోమిస్తే నురుగూ నీళ్ళూ బాక్టీరియాతో సహా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పద్ధతి ఇదీ.

కూర్చోగలిగితే నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి దించాలి. కూర్చోలేకపోతే తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, బుగ్గ కింద తువ్వాలు. వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం నోట్లో చెయ్యి పెట్టొద్దు. చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్, నురుగు రాని రకం ఫ్లోరైడ్ పేస్ట్ సన్నటి పూతగా మాత్రమే. బ్రష్‌ని నీళ్ళలో ముంచి బాగా విదిలించాలి. దిగువ దవడ వెనుక నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి. పది సెకన్లకోసారి ఆపి, చేరినదాన్ని గాజు గుడ్డతో తుడవాలి. సక్షన్ యంత్రం ఉంటే దాన్నే బుగ్గ సందులో పెట్టాలి. పుక్కిలింపు వద్దు. చివర్లో తడి గాజు గుడ్డని వేలికి చుట్టి బుగ్గల లోపలా, నాలుక మీదా, అంగిలి మీదా తుడవాలి.

అంగిలి మీద ఎండి అట్టకట్టిన పొర కనిపిస్తే గోకవద్దు. నీటి ఆధారిత జెల్ రాసి ఐదు నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది, అప్పుడు వెనుక నుంచి ముందుకు చుట్టుకుంటూ తీయాలి. ఎండినది పెళ్ళగిస్తే రక్తం వస్తుంది, ముక్క ఊడి గొంతులో పడొచ్చు. స్పాంజి పుల్లలు తడపడానికి పనికొస్తాయి గానీ పాచి తీయవు. మనిషి కొరికితే స్పాంజి ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. నిమ్మ, గ్లిజరిన్ కలిపిన పుల్లలు అసలు వద్దు. నిమ్మ ఎనామిల్‌ని కరిగిస్తుంది, గ్లిజరిన్ ఆ తర్వాత మరింత ఎండబెడుతుంది.

తిన్నాక బుగ్గ సందుల్లో మిగిలిన మెతుకులు వెతకడం మర్చిపోవద్దు, బలహీనంగా ఉన్న వైపు తప్పకుండా చూడాలి. తిన్న తర్వాత అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. చిక్కదనం కోసం కలిపే పొడి పిండిపదార్థంతో చేసిందైతే ఉమ్మి దాన్ని చక్కెరగా విరగ్గొడుతుంది, పళ్ళకి అంటుకుని ఉంటుంది. శాంథన్ గమ్ రకం ఈ విషయంలో నయం.

వార్డుదీపం

పైదానికి చిన్న చేర్పు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ళు పెదాలకి పెట్రోలియం జెల్లీ బదులు నీటి ఆధారిత క్రీమ్ వాడండి, నూనె సరుకు ఆక్సిజన్ దగ్గర మంచిది కాదు. గొట్టం ఉన్నప్పుడు పై ముందు పళ్ళ అంచులు విరగడం, పెదవి మూల పుండు పడడం ఉంటాయి. ఇంటికి వచ్చాక మంచి వెలుతురులో ఒకసారి టార్చితో అంతా చూడండి.

చిగురుగూడు

కట్టుడు పళ్ళవాళ్ళ గురించి. జపాన్‌లో 11 వృద్ధుల సంరక్షణ గృహాల్లో రెండేళ్ళు నడిచిన అధ్యయనంలో, రోజూ భోజనం తర్వాత తోమించి, వారానికోసారి దంత నిపుణులు శుభ్రం చేసిన గుంపులో న్యుమోనియా 11 శాతం, మామూలుగా వదిలేసిన గుంపులో 19 శాతం. పళ్ళు లేనివాళ్ళలోనూ తేడా కనిపించింది. పళ్ళు లేకపోతే శుభ్రం అక్కర్లేదనుకోవడం పొరపాటు.

కట్టుడు పళ్ళు రాత్రి తీసేయాలి. తీసినవాటిని సబ్బు, మెత్తటి బ్రష్‌తో తోమాలి. పేస్ట్ వద్దు, అది గీతలు పెడుతుంది, గీతల్లో కాండిడా దాక్కుంటుంది. వేడి నీళ్ళు వేస్తే ఆకారం వంగిపోతుంది. బ్లీచ్ ద్రావణం లోహం ఉన్న సెట్‌కి వాడకూడదు. జబ్బులో బరువు తగ్గినవాళ్ళకి సెట్ వదులై పుండ్లు పడతాయి. జిగురు ఎక్కువ పూసి నెట్టుకురాకుండా లోపలి పొర సరిచేయించుకోవాలి.

తెల్లటి పూత గాజు గుడ్డతో తుడిస్తే ఊడి కింద ఎర్రగా కనిపిస్తే అది కాండిడా. తెల్లపూత లేకుండా సెట్ ఆనే అంగిలి మొత్తం ఎర్రబడినా, పెదాల మూలలు పగిలినా అదే అయి ఉండొచ్చు. నిస్టాటిన్ ద్రవం మి.లీ.కి లక్ష యూనిట్ల బలంతో ఉంటుంది. పెద్దవాళ్ళకి 4 నుంచి 6 మి.లీ. రోజుకి నాలుగుసార్లు, నోట్లో వీలైనంతసేపు తిప్పాలి. సెట్ తీసేసి వాడాలి, గుర్తులు పోయాక మరో రెండు రోజులు కొనసాగించాలి. నిస్టాటిన్, క్లోర్‌హెక్సిడిన్ వెంట వెంటనే వాడితే ఒకదాన్నొకటి పనిచేయనివ్వవు.

మందులచీటి

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గట్టిగా చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళు మైకొనజోల్ ఓరల్ జెల్ వాడకూడదు. "పైపూత మందే కదా" అనుకుంటారు. నోట్లోంచి లోపలికి వెళ్ళి వార్ఫరిన్ బలాన్ని ఎన్నో రెట్లు పెంచి లోపల రక్తస్రావం తెస్తుంది. ఫ్లుకొనజోల్ మాత్రకీ, మెట్రొనిడజోల్‌కీ ఇదే హెచ్చరిక. నిస్టాటిన్‌కి ఆ బెడద లేదు.

అడుగరి

పై దవడ పళ్ళు నాలుగైదు కలిసి నొప్పి పెడితే పళ్ళ డాక్టరు దగ్గరికా, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికా?

పంటిచిగురు

మంచి ప్రశ్న. పై దవడ వెనుక పళ్ళ వేర్లకూ సైనస్‌కూ మధ్య పల్చటి ఎముక మాత్రమే ఉంటుంది. వైరల్ జబ్బు తర్వాత సైనస్ నిండితే పక్కపక్కన ఉన్న పళ్ళు అన్నీ బరువుగా నొప్పెడతాయి, ముందుకి వంగినా మెట్లు దిగినా పెరుగుతుంది. ఏ పన్నో వేలు పెట్టి చూపించలేరు. ఒకే పన్ను చల్లటి నీళ్ళకి జివ్వుమని అర నిమిషం దాటినా తగ్గకపోతే, రాత్రి నిద్ర లేపితే, అది పంటి నరం సమస్య. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, పన్ను తెరిచి చికిత్స చేయాలి. ముక్కు ఒక వైపే కుళ్ళు వాసనతో కారుతుంటే తిరగేసి ఆలోచించాలి, పంటి చీము సైనస్‌లోకి పోతుండొచ్చు.

ఇవి కాక, ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాల్సినవి ఉన్నాయి. షుగర్ ఎక్కువగా ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి పై దవడలో ఆరోగ్యంగా ఉన్న పళ్ళు ఒక్కసారిగా గుంపుగా కదలడం, అంగిలి మీద నల్ల మచ్చ, బుగ్గ మొద్దుబారడం, ఒక కన్ను వాయడం, రెండుగా కనిపించడం. ఇది మ్యూకార్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) కావచ్చు. 2021లో ఎంతోమంది పై దవడలు, కళ్ళు పోగొట్టుకున్నది దీనివల్లే. కదిలే పన్ను పీకించుకుని ఊరుకుంటే విలువైన రోజులు పోతాయి, స్కాన్, కణజాల పరీక్ష కావాలి. రెండోది, గడ్డం కింద గట్టి వాపు, నాలుక పైకి లేవడం, ఉమ్మి మింగలేకపోవడం. ఇందులో ఊపిరి మూసుకుపోవడానికి గంటలు చాలు.

చిగురుగూడు

ఇంకొకటి చేర్చనా. పళ్ళ మధ్య చిగురు మొనలు కొరికి తీసేసినట్టు పోయి, బూడిద రంగు పూత, భరించలేని నొప్పి, ఘాటు దుర్వాసన ఉంటే అది నెక్రోటైజింగ్ జింజివైటిస్, అంటే చిగురు కణజాలం చచ్చిపోయే జబ్బు. నిద్రలేమి, నీరసం, పొగతాగడం, రోగనిరోధకత తగ్గడం కలిసినప్పుడు వస్తుంది. మత్తు సూది ఇచ్చి మెల్లగా శుభ్రం చేస్తే రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. జ్వరం, మెడలో గడ్డలు ఉంటే మెట్రొనిడజోల్ 400 మి.గ్రా. రోజుకి మూడుసార్లు 3 రోజులు ఇస్తారు, ఆ రోజుల్లో మద్యం తాకకూడదు.

కొలమానం

చిగుళ్ళ జబ్బు ఉంటే కోవిడ్ ముదురుతుందని ఖతార్‌లో 568 మంది మీద చేసిన 2021 అధ్యయనాన్ని చాలామంది ఉదాహరిస్తారు. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో ఐసీయూ, వెంటిలేటర్ అవసరం ఎక్కువగా కనిపించిన మాట నిజం. అయితే అది పాత రికార్డులతో పోల్చి చూసిన అధ్యయనం. రెండూ కలిసి కనబడ్డాయని చెబుతుంది, ఒకటి రెండోదాన్ని తెచ్చిందని రుజువు చేయదు. షుగర్, పొగాకు రెండింటికీ సొంత చుట్టాలే. పైన చెప్పిన తోమించే ప్రయోగాలు మాత్రం గుంపులు విడదీసి చేసినవి, వాటి బరువు వేరు. ఈ తేడా చెప్పకుండా జనాన్ని భయపెట్టడం సరికాదు.

అడుగరి

బ్రష్ మార్చాలా? అదే వైరస్ మళ్ళీ అంటుకుంటుందంటారు.

సూక్ష్మదర్శిని

అప్పుడే తగ్గిన వైరస్ సొంత బ్రష్ నుంచి మళ్ళీ జబ్బు తెచ్చే అవకాశం చాలా తక్కువ, శరీరంలో దానికి రక్షణ సిద్ధంగా ఉంటుంది. అసలు భయం ఇంట్లో మిగతావాళ్ళకి. జబ్బు రోజుల్లో బ్రష్‌లు ఒకే గ్లాసులో తలలు తగిలేలా పెట్టొద్దు. మూత పెట్టకుండా నిలబెట్టి ఆరనివ్వాలి. కాండిడా వచ్చి తగ్గినప్పుడు మార్చడం మంచిది. లేకపోతే కుచ్చు విడిపోయినప్పుడో, మూడు నాలుగు నెలలకో మామూలుగా మార్చితే చాలు.

పంటిచిగురు

ఇక డెంటిస్ట్ దగ్గర ఏం చెప్పాలి, ఏం అడగాలి.

వాడిన మందుల చీటీలన్నీ తీసుకెళ్ళండి. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 5 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ మూడు నాలుగు వారాలకు మించి వాడి ఉంటే తప్పక చెప్పాలి, ఒంట్లో సహజ స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి ఇంకా నిద్రలో ఉండొచ్చు. ఆ రోజు మాత్ర మానొద్దు. రక్తం పలచబడే మందును పన్ను పీకించుకోవడం కోసం మీ అంతట మీరు ఆపొద్దు. వార్ఫరిన్ అయితే 24 గంటల లోపు చేయించిన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష) 4 కన్నా తక్కువుంటే చాలా పనులు స్థానికంగా కుట్టు వేసి, ఒత్తి పట్టి చేయగలరు. పడుకుంటే ఆయాసం వస్తే కుర్చీ వాల్చకుండా చేయమనండి. విడతలు చిన్నవిగా, ఒక్కోసారి అరగంట. స్టెరాయిడ్ల వల్ల షుగర్ పెరిగి ఉంటే చిగుళ్ళు ఎంత శుభ్రం చేసినా మానవు, ముందు అది చూపించుకోవాలి.

అడగాల్సింది ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ పూత. 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాల ఫ్లోరైడ్). ఉమ్మి తక్కువున్నవాళ్ళకి మూడు నెలలకోసారి వేస్తారు. ఇంట్లో మామూలు 1,450 పీపీఎం పేస్ట్‌కి బదులు 5,000 పీపీఎం పేస్ట్ రాస్తారు, 16 ఏళ్ళు దాటినవాళ్ళకే. తోమాక నురుగు ఉమ్మేయాలి, నీళ్ళతో కడగొద్దు. నోరు మండుతుంటే ఘాటైన పుదీనా రుచి లేని రకం అడగండి. పళ్ళ సందులకి ఇంటర్‌డెంటల్ బ్రష్, సందులోకి కాస్త బిగువుగా వెళ్ళే సైజు, తోసి ఇరికించేది కాదు.

దగ్గి దగ్గి వాంతి అయితే వెంటనే తోమొద్దు. పావు లీటరు నీళ్ళలో ఒక టీస్పూను వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోమాలి. ఆమ్లం తగిలిన ఎనామిల్ అప్పుడు మెత్తగా ఉంటుంది.

అద్దంలో చూసుకోవాల్సిన చోటు చిగురు అంచు. అక్కడ సున్నపు గీతలా మెరుపులేని తెల్ల మచ్చ కనిపిస్తే పిప్పి మొదలైంది గానీ ఇంకా గుంట పడలేదు. ఫ్లోరైడ్‌తో దాన్ని ఆపొచ్చు, వెనక్కి తేవచ్చు. గోధుమ రంగులోకి మారి పుల్ల గుచ్చుకుంటుంటే దాటిపోయింది. ఇంట్లో పుల్లతో పరీక్షించకండి, మెత్తటి చోట గుంట పడుతుంది. చూడ్డం వరకే మీ పని.

మింగుడుపడి

రుచి, వాసన పోయినవాళ్ళు తెలియకుండానే తీపీ పులుపూ పెంచేస్తారు, తమ నోటి దుర్వాసన తమకి తెలియదు. అందుకే వాళ్ళకి రోజుకి రెండుసార్లు అనే లెక్క గడియారాన్ని బట్టి ఉండాలి, "నోరు బాగోలేదు" అనిపించేదాన్ని బట్టి కాదు. వాసన సాధనలో గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నూనెలు రోజుకి రెండుసార్లు 12 వారాలు వాసన చూస్తారు. వాసన చూడ్డం వరకే, లవంగ నూనె చుక్క చిగురు మీద వేసుకుంటే కాలుతుంది.

అడుగరి

5,000 పేస్ట్, వార్నిష్ ఎన్నాళ్ళు?

పంటిచిగురు

నాలుగు వారాలకోసారి అదే వేళకు ఉమ్మి కొలిచి రాసుకోండి. 5 నిమిషాలకు ఒక మి.లీ. పైన రెండు సార్లు వరసగా వచ్చి, కొత్త తెల్ల మచ్చలు లేకపోతే మామూలు పేస్ట్‌కి మారొచ్చేమో మీ డెంటిస్ట్‌ని అడగండి. ఎండబెట్టే మందు జీవితాంతం వాడాల్సి వస్తే ఇవి కూడా కొనసాగుతాయి. మూడు నెలలైనా అర మి.లీ. దాటకపోతే వైరస్ మీదకి నెట్టేయకుండా షోగ్రెన్ జబ్బు (శరీర రక్షణ వ్యవస్థే ఉమ్మి, కన్నీటి గ్రంథులను దెబ్బతీసే జబ్బు) లాంటి వేరే కారణాలు వెతకమని అడగాలి, కళ్ళు కూడా ఎండుతున్నాయేమో చెప్పండి.